ఊపిరమ్మ బ్యాడ్జీ

ఇరవై ఆరేళ్ళు ఒకే మాట చెప్పుకుంటూ ఉద్యోగం చేసిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. "గట్టిగా ఊపిరి పీల్చండి... బిగబట్టండి... కదలకండి... ఆఁ, వదిలెయ్యండి." మా ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఆవిడ ఈ మాట రోజుకు నలభై సార్లు చెప్పేది. అందుకే జనం ఆవిడకు ఊపిరమ్మ అని పేరు పెట్టేశారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదో ఉంది గానీ, జీతం కాగితం మీద తప్ప ఎక్కడా అది కనిపించదు.

నేను ఆ ఎక్స్‌రే గది పక్కనే కిటికీలో కూర్చుని చీటీలు రాసేదాన్ని. నాకు నోరు ఎక్కువని అందరూ అంటారు. ఉన్నమాటే. ఈ కథలో నా నోటికంటే నా చెయ్యి ఎక్కువ నష్టం చేసింది, ఆ సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

ఊపిరమ్మకు రేడియేషన్ అంటే భయం లేదనుకుంటే పొరపాటు. మా అందరిలోకీ నిజంగా దానికి భయపడేది ఆవిడొక్కతే. కాకపోతే లెక్క ప్రకారం భయపడేది. బొత్తాం నొక్కే ముందు తలుపు పడిందో లేదో రెండుసార్లు చూసుకునేది. వయసులో ఉన్న ఆడమనిషి ఎవరొచ్చినా చెవి దగ్గర నోరు పెట్టి నెల తప్పిందేమో అడిగేది. పెద్ద డాక్టరు మామూలు జలుబుకి ఛాతీ ఎక్స్‌రే రాస్తే, ఆ చీటీ పట్టుకుని నేరుగా ఆయన గదికే వెళ్ళి "ఇది దేనికండీ?" అని నిలదీసేది. కోటు ఎడమ జేబు మీద అగ్గిపెట్టెంత బ్యాడ్జీ ఒకటి పెట్టుకునేది. ఆ గదిలో పనిచేసే మనిషి ఒంటిమీద రేడియేషన్ ఎంత పడిందో అది పట్టుకుంటుంది. మూడు నెలలకోసారి దాన్ని ల్యాబుకి పంపితే వాళ్ళు చదివి కాగితం పంపిస్తారు. ఇరవై ఆరేళ్ళ కాగితాలూ ఆవిడ ఒక ఫైల్లో దాచింది. అన్నిట్లోనూ ఉన్నది ఒకటే: కంగారు పడాల్సింది ఏమీ లేదు.

ఇక భయానికి లెక్కాపత్రం లేని మనిషి ఆవిడ బావ. అంటే వాళ్ళక్క మొగుడు. ఆయనకు మొబైల్ షాపు ఉంది. పొద్దున లేచింది మొదలు చెవికి ఒక ఫోను, జేబుల్లో రెండు ఫోన్లు. వాటివల్ల ఏమైనా అవుతుందేమోనన్న అనుమానం ఆయనకు ఏనాడూ రాలేదు. అలాంటి మనిషి ఎక్కడినుంచో ఒక మీటరు తెప్పించాడు. సబ్బుపెట్టె సైజు, పసుపు రంగు, రేడియేషన్ తగిలినప్పుడల్లా టిక్కుమంటుంది. మట్టిలోంచీ రాళ్ళలోంచీ ఆకాశంలోంచీ కొంత ఎప్పుడూ వస్తూనే ఉంటుంది కాబట్టి అది ప్రపంచంలో ఎక్కడ పెట్టినా టిక్కుమంటుంది. ఆ సంగతి పెట్టెతో వచ్చిన కాగితంలోనే అచ్చేశారు. కాగితం చదివే ఓపికే ఉంటే ఆయన టిక్కుబావ ఎందుకవుతాడు?

మొదటి వీడియో మా ఆసుపత్రి గోడ దగ్గరే తీశాడు. మీటరు గోడకు ఆనించి, గొంతు బొంగురు చేసి, "టిక్... టిక్... విన్నారా? ఇది మృత్యువు అడుగుల చప్పుడు!" అన్నాడు. నిజానికి అది ఇరవై నాలుగు టిక్కులు, నిమిషానికి. ఆయన షాపులో కూర్చుని లెక్కపెట్టినా అంతే వస్తాయి. కానీ ఎవరు లెక్కపెట్టారు? సాయంత్రానికి ఊరంతా చూసేసింది. జుట్టు రాలి పదేళ్ళయిన గుమాస్తా ఒకడు తన బట్టతలకి మా ఎక్స్‌రే గదే కారణమని కామెంటు పెట్టాడు. పరీక్ష తప్పిన కూతురున్న ఒకాయన, పిల్లకు ఏకాగ్రత కుదరకపోవడానికి కారణం ఇప్పుడు తెలిసిందన్నాడు. మర్నాడు నా కిటికీ దగ్గరికి ఒకావిడ వచ్చి, "ఆ గది పక్కనుంచి కాకుండా లోపలికి వేరే దారుందా అమ్మా?" అని అడిగింది.

"ఉంది. గోడ దూకండి," అన్నాను.

ఊపిరమ్మ మాత్రం ఓపిగ్గానే చెప్పేది. "ఆ యంత్రం బొత్తాం నొక్కినప్పుడే పనిచేస్తుందమ్మా. లైటు ఆర్పేశాక వెలుతురు గదిలో మిగిలి ఉంటుందా? ఇదీ అంతే." వినేవాళ్ళు బుద్ధిగా తల ఊపి, బయటికెళ్ళి మళ్ళీ ఆ వీడియోనే చూసేవాళ్ళు.

ఒక ఆదివారం నన్ను కూడా వెంటపెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళింది. బావ మీటరు మెడలో వేలాడేసుకుని కూర్చున్నాడు. "బావా, ఒకసారి ఇలా ఇవ్వండి," అని లాక్కుని వంటగదిలోకి తీసుకెళ్ళి గ్రానైటు గట్టు మీద పెట్టింది. గడియారం చూస్తూ లెక్కపెట్టింది. "ముప్పై ఎనిమిది! మా ఆసుపత్రి గోడకంటే మీ వంటగట్టే గట్టిది బావా!" అని పకపకా నవ్వింది. "అది రాయి కదా, కాస్త ఎక్కువే ఉంటుంది. దీనిమీద నూరేళ్ళు వంట చేసుకున్నా ఎవరికీ ఏమీ కాదు. ఇప్పుడైనా తెలిసిందా?"

మరదలి ఎగతాళిలో బావకు మొదటి సగమే చెవికెక్కింది. మర్నాడు పొద్దున్నే సమ్మెటలు పట్టుకుని పనివాళ్ళు దిగారు. 'శత్రువు మా వంటింట్లోనే' అని ఇంకో వీడియో. గట్టు ముక్కలు ముక్కలయింది. ఇల్లంతా సిమెంటు దుమ్ము. వాళ్ళక్క స్టవ్వు నేలమీద పెట్టుకుని, ముక్కుకు కొంగు చుట్టుకుని, రెండు వారాలు గొంతుక్కూర్చుని వంట చేసింది. చేస్తూ దగ్గింది.

ఆ దగ్గు దుమ్ముతో వచ్చింది కాదు. అంతకు నెల ముందే మొదలైంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులైపోయాయి. ఇరవై ఆరేళ్ళుగా ఊపిరితిత్తులు చూస్తున్న మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ దగ్గు విన్న రోజే ఊపిరమ్మ అక్క చెయ్యి పట్టుకుంది.

"రేపు వచ్చి ఒక్క ఛాతీ ఎక్స్‌రే తీయించుకో అక్కా. రెండు నిమిషాల పని."

బావ మధ్యలో దూకాడు. "నా ప్రాణం ఉండగా నా పెళ్ళాన్ని ఆ గదిలో అడుగు పెట్టనివ్వను!"

"పోయేది మీ ప్రాణం కాదుగా బావా."

అక్క మాత్రం ఇద్దరి మధ్యా నలిగిపోయి, "ఎందుకే గొడవ, దగ్గే కదా, తగ్గిపోతుందిలే," అంది.

మరదలు అన్న మాటకు బావగారికి రోషం పొడుచుకొచ్చింది. అప్పటినుంచి మరదలు గుమ్మం తొక్కాలంటే షరతు పెట్టాడు. ఆ కోటు మీది బ్యాడ్జీ ఉందే, అందులోనే విషమంతా చేరుతుందట. అది పెట్టుకున్న మనిషి ఇంటికొస్తే విషం కూడా వెంట వస్తుందట. థర్మామీటరు నోట్లో పెట్టుకుంటే జ్వరం అంటుకుంటుందన్నట్టు! బ్యాడ్జీ ఆసుపత్రిలో తీసేసి వస్తానంటే కూడా ఒప్పుకోలేదు. పొద్దుటినుంచీ ఒంటిమీద ఉంటే అంటుకునేది అప్పటికే అంటుకుంటుందన్నాడు. రోజూ గుమ్మంలో నిలబెట్టి, "ఇవాళ దాన్ని పెట్టుకోలేదని మీ అక్క మీద ఒట్టెయ్యి," అనేవాడు.

అబద్ధం చెప్పేస్తే పోయేది. నేనైతే వంద ఒట్లు వేసేదాన్ని. కానీ అక్క అలా చిక్కిపోతూ ఎదురుగా కూర్చుని ఉంటే, ఆ తల మీద చెయ్యిపెట్టి దొంగ ఒట్టు వెయ్యడం ఊపిరమ్మకు చేతకాలేదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కపూట కూడా తప్పని నియమాన్ని ఆ వారమే తప్పింది. బ్యాడ్జీ ఉన్న పాత కోటు తెచ్చి నా బల్ల మీద పెట్టి, కొత్త కోటు తొడుక్కుంది.

"దీన్ని నీ బీరువాలో పెట్టు. అక్కని ఎలాగోలా ఒప్పించి ఎక్స్‌రే తీసేదాకానే."

"బ్యాడ్జీ లేకుండా పనిచెయ్యకూడదని మీరే కదా మేడమ్ అందరికీ పాఠాలు చెబుతారు?"

"చెబుతాను. తప్పే. రోజూ వెళ్ళి చూసి రాకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవే, ఏం చెయ్యను?" అంది. కళ్ళు చెమర్చాయి. నేను కోటు అందుకున్నాను.

ఇప్పుడు నా చెయ్యి చేసిన ఘనకార్యం. నా బీరువా నిండా పాత రిజిస్టర్లు. కోటు అందులో కుక్కితే నలిగిపోతుందని నాకు మహా బాధ పుట్టుకొచ్చింది. ఎక్స్‌రే గదిలో ఛాతీ ఆనించి నిలబడే పలక ఉంటుంది. దాని వెనక గోడకు, పలక అంచుకు కాస్త పైన, ఒక మేకు ఉంది. ఊపిరమ్మ కూర్చునే చోటికి అది కనబడదు. ఆవిడ భోజనానికి వెళ్ళినప్పుడు కోటు తీసుకెళ్ళి శుభ్రంగా దానికి తగిలించి, చేతులు దులుపుకుని వచ్చాను. యంత్రం చూసేది సరిగ్గా ఆ వైపే. పదిహేనేళ్ళుగా ఆ గది పక్కనే కూర్చుంటున్నాను, ఆ మాత్రం తట్టలేదు నా బుర్రకి.

ఆ తర్వాత రోజులు అలా దొర్లాయి. ఊపిరమ్మ రోజూ సాయంత్రం వెళ్ళేది, ఒట్టు వేసేది, అక్క పక్కన కూర్చుని బతిమాలేది, వచ్చేసేది. డాక్టరుగారు పోనీ కఫం పరీక్షైనా చేద్దామని డబ్బీ ఇచ్చి పంపాడు. అక్క అందులో ఉమ్మి మొగుడి చేతికిచ్చింది. ఆ మహానుభావుడు దాన్ని ఆసుపత్రికి తేకుండా, మీటరు పక్కన పెట్టి టిక్కులు లెక్కపెట్టి, "ఇందులోనూ ఉంది!" అని షాపు అద్దాల బీరువాలో ఫోన్ కవర్ల పక్కన ప్రదర్శనకు పెట్టాడు. నేను వెళ్ళి నాలుగు చీవాట్లు పెడితే, పరిశోధనకు అడ్డం రావద్దన్నాడు.

మూడు నెలల గడువు రాగానే బ్యాడ్జీ ల్యాబుకి వెళ్ళింది. గదిలోకి వెళ్ళి కోటు మీంచి దాన్ని ఊడదీసి కవర్లో పెట్టింది కూడా నేనే. కొన్నాళ్ళకు ఉత్తరం వచ్చింది. ఉండాల్సినదానికంటే ముప్పై రెట్లు ఎక్కువ. కారణం వెంటనే తెలియజేయాలి, తనిఖీ అయ్యేదాకా గది మూసెయ్యాలి. పెద్ద డాక్టరు అది చదువుతుండగానే సంగతి వరండా దాటింది. నేను భోజనం డబ్బా మూత తీసేలోగా బావ వీడియో వచ్చేసింది.

"ఇన్నాళ్ళూ నన్ను పిచ్చివాడన్నారు! ఇదిగో, సాక్షాత్తూ నా మరదలి బ్యాడ్జీయే సాక్ష్యం! పాపం, ఆ పిల్లకు ఎన్నాళ్ళుందో ఏమో!" అని కళ్ళు తుడుచుకున్నాడు. కన్నీళ్ళు రాలేదు గానీ చూసినవాళ్ళు లక్షమంది వచ్చారు.

ఎక్స్‌రే గదికి తాళం పడింది. కాలు విరిగినవాళ్ళను కూడా రెండు గంటలు బస్సులో కూర్చోబెట్టి పక్క ఊరికి పంపాల్సి వచ్చింది. చేతిమీద గోరింత మచ్చ కనిపించినా జనం ఆసుపత్రి మీదికి గొడవకొచ్చారు. ఊపిరమ్మకైతే మతి పోయినట్టయింది. గది నుంచి రేడియేషన్ కారే అవకాశమే లేదని ఆవిడకు తెలుసు, కాగితం మాత్రం ముప్పై రెట్లంటోంది. "నీ బీరువాలో ఉన్నదానికి అంత ఎలా వచ్చిందే?" అని నన్నే అడిగింది. నాకు అప్పుడు వెలిగింది. ఊళ్ళో అందరినీ కడిగిపారేసే నా నోరు ఆ ఒక్కరోజు, ఆ తర్వాత ముప్పై తొమ్మిది రోజులు, పెగల్లేదు. ఉద్యోగం పోతుందని భయం. ఇంకెందుకు దాపరికం, పిరికిదాన్ని.

ఆ నలభై రోజులూ వాళ్ళక్క దగ్గుతూనే ఉంది. ఒకసారి జేబురుమాలులో ఎర్రగా పడిందట. పక్క ఊరికి తీసుకెళ్తానని ఊపిరమ్మ కాళ్ళావేళ్ళా పడితే, బావ తలుపు దగ్గర అడ్డం నిలబడి, "ముందు నీ సంగతి చూసుకో తల్లీ. నువ్వే నడిచే యంత్రానివి," అన్నాడు. అక్క లోపలినుంచి, "నాకేం ఫర్వాలేదే, నువ్వు మందేదైనా పుచ్చుకో," అని ఏడ్చింది. చెల్లెలు చచ్చిపోతుందని ఆ పిచ్చితల్లి బెంగ.

నలభయ్యో రోజున తనిఖీ ఆఫీసరు వచ్చాడు. మాటకు ముందు తుమ్మే నడివయసు మనిషి. వరండా అంతా జనం. బావ మీటరు మెడలో వేసుకుని ముందు వరసలో, పక్కన ఊపిరమ్మ అక్క స్తంభానికి ఆనుకుని. ఆఫీసరు యంత్రం ఆన్ చేయించి, తలుపు మూయించి, గోడలన్నీ, సందులన్నీ కొలిచాడు. ఏమీ లేదు. తర్వాత తన సంచీలోంచి బ్యాడ్జీ రిపోర్టు తీశాడు. బ్యాడ్జీ లోపల చిన్న చిన్న రేకులుంటాయట. మనిషి వేసుకుని అటూ ఇటూ తిరిగితే వాటి నీడలు మసకగా పడతాయి. ఇందులో మాత్రం గీత గీసినట్టు పడ్డాయి.

"ఇది మనిషి వేసుకున్న బ్యాడ్జీ కాదండీ," అని తుమ్మాడు. "కదలకుండా గోడ వేసుకుంది. యంత్రానికి ఎదురుగా. ఎవరు పెట్టారు?"

ఊపిరమ్మ అయోమయంగా నావైపు చూసింది. ఇక నావల్ల కాలేదు. "నేనే!" అని అరిచాను. పలక వెనక మేకు చూపించాను. ఆవిడ బ్యాడ్జీ ఎందుకు తీసేసిందో, ఎవరు ఒట్టు వేయించుకున్నారో, ఎవరి తలమీదో, అంతా జనం ముందే కక్కేశాను. "బ్యాడ్జీ కొలిచింది రేడియేషన్ని కాదు, ఈయనగారి భయాన్నీ నా తెలివితక్కువనీ!" అన్నాను ఏడుస్తూ.

బావ ఒక్క క్షణమే తడబడ్డాడు. "అయితే ఆ గోడలోకి వెళ్ళినట్టేగా విషం? గోడ సంగతి ఎవరు చెబుతారు?" అన్నాడు. ఆఫీసరు ఆయన్ని ఎగాదిగా చూసి, జవాబు బదులు ఇంకోసారి తుమ్మాడు.

అందరూ బావ వంక చూస్తుంటే అక్క స్తంభం వదిలి మెల్లగా నడిచొచ్చింది. చెల్లెలి ముందు నిలబడింది.

"నా మీద ఒట్టుకోసం అన్నాళ్ళు నీ ఉద్యోగం మీదికి తెచ్చుకున్నావటే? నాతో ఒక్కమాట అనలేదేం?"

"అంటే నువ్వు నన్ను రావద్దనేదానివి."

"పద. తియ్యి," అని తనే గదిలోకి వెళ్ళి పలకకు ఛాతీ ఆనించి నిలబడింది. బావ "వద్దు, వద్దు" అంటూ వెనకే పరుగెత్తాడు గానీ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. పెళ్ళాం కోసం కూడా ఆ గడప దాటడానికి కాలు రాలేదు.

కుడి ఊపిరితిత్తి పైభాగంలో కోడిగుడ్డంత కన్నం. క్షయ. డాక్టరుగారు ఆరు నెలల మందులు రాశాడు. ప్రాణానికి ఫర్వాలేదు, తగ్గుతుంది, కానీ పాడైన ముక్క మళ్ళీ రాదన్నాడు. "నాలుగు నెలల ముందు వస్తే మచ్చ కూడా మిగిలేది కాదమ్మా," అని ఆయన అంటే, ఊపిరమ్మ ఆ ఫిల్ము చూస్తూ గోడకు చేరగిలబడింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు కూడా పరీక్ష చేయించుకోవాలి. ఆ ఇంట్లో ఉన్నది ఇంకొక్కడే. అంటురోగం అన్న మాట చెవిన పడగానే బావకు రేడియేషన్ సగం మర్చిపోయినట్టయింది. మూడో రోజు నేను కిటికీ తెరిచేసరికి మొదటి మనిషిగా నిలబడి ఉన్నాడు. రేడియేషన్ ఆపే సీసం ఏప్రన్లు నడుము కింద ముందొకటి, వెనకొకటి కట్టించుకుని గదిలోకి వెళ్ళాడు. నెత్తిమీద కూడా ఏదైనా పెట్టమంటే, టోపీలు లేవని చెప్పాను. ఊపిరమ్మ మారుమాట్లాడకుండా తీసింది. ఫిల్ము కడిగిన అద్దంలా వచ్చింది.

"ఏమీ లేదు బావా."

బావ వరండాలోకి ఉరికాడు. "నాకేం లేదు! నాకేం లేదట!" అని బెంచీ మీద మాస్కు కట్టుకుని కూర్చున్న పెళ్ళాం ముందు చప్పట్లు కొట్టాడు. ఆవిడ "పోన్లెండి," అంది. అంతలోనే బావ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి మరదలి దగ్గర గొంతు తగ్గించాడు.

"ఇదిగో, ఇంకొకటి తియ్యవూ? పక్కనుంచి. వీలైతే వచ్చే వారం కూడా ఒకటి. ఎందుకైనా మంచిది కదా."

ఊపిరమ్మ ముఖం కందగడ్డలా అయింది. పదిహేనేళ్ళలో ఆవిడ గొంతు అంత లేవడం నేను వినలేదు. "అక్కర్లేని ఎక్స్‌రే నేను ఒక్కటి కూడా తియ్యను బావా! అక్కర ఉన్నది తీస్తానంటే నాలుగు నెలలు గుమ్మంలో నిలబెట్టారు మీరు. ఆ ఊపిరితిత్తి ముక్క మీ మీటరు తెచ్చిస్తుందేమో అడగండి, పోండి!"

బావ చుట్టూ చూసుకుని, పెద్దరికం తెచ్చుకుని, పెళ్ళాంతో "పద, ఇంటికి పోదాం," అన్నాడు. ఆవిడ లేచి సంచీ తీసుకుంది గానీ ఆయన వెంట నడవలేదు. చెల్లెలు ఉండేది ఆసుపత్రి వెనక క్వార్టర్సులో, ఎక్స్‌రే గదికి సరిగ్గా గోడ అవతల. అక్క అటువైపు తిరిగింది.

"అటెక్కడికి? ఆ గది పక్కన ఉంటావా?" బావ కెవ్వుమన్నాడు. "ఆ గోడవతల ఏముందో తెలుసా నీకు?"

"తెలుసండీ," అంది ఆవిడ. ఊపిరి అందక కాసేపు ఆగింది. "అక్కడైతే నేను దగ్గితే వినే మనిషి ఉంది."